టీచరమ్మే పంపకుంటే

బుధవారం

లక్ష్మీదేవి ఆ మాట అంటుందని కలలో కూడా అనుకోలేదు.

నా క్లాసులో పాఠం గడగడా చదివే వాళ్ల అమ్మాయి అనిత, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచినప్పటి నుంచీ రావడం లేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఇవాళ ఇంటికే వెళ్లాను. తల్లీకూతుళ్లు వసారాలో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు.

"పాపను బడికెందుకు పంపట్లేదమ్మా?"

"మీరు మీ చిన్నిని ఇంట్లోనే పెట్టుకోని సదివిస్తాండారంట కదా మేడమ్. టీచరమ్మే సొంత బిడ్డను పంపకుండా ఉండాదంటే, బడి మంచిది కాదేమో అని మేమూ నిలిపేసినాం."

ఎగతాళి చేస్తోందేమోనని ముఖంలోకి చూశాను. లేదు, మనసులో ఉన్నదే చెప్తోంది. చిన్ని చదువు మా ఇంటి విషయం అనుకున్నాను ఇన్నాళ్లూ!

"మరి ఇంట్లో ఎవరు చెప్తున్నారు?"

"నాకేం సదువొచ్చు మేడమ్? నాకొచ్చిందే నేర్పిస్తాండా," అంటూ కాయల చేట చూపించింది.

అనిత నవ్వుతూ నా వైపు చెయ్యి చాపింది. బొటనవేలు బొబ్బెక్కి ఉంది. ఎలా లేచి వచ్చానో గుర్తు లేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన చిన్ని చేత గ్రహాల బొమ్మలు గీయిస్తున్నారు. జరిగింది చెప్తే, "వాళ్లకీ మనకీ పోలికేంది?" అన్నారు. నిన్నటిదాకా నేనూ అదే అనేదాన్ని.

రేపు చిన్నిని నా వెంట బడికి తీసుకెళ్తానంటే ఆయన ఒప్పుకోరు. తీసుకెళ్లకపోతే, అనితను రమ్మని ఏ నోటితో అడగను?