సాయంత్రం ఒక్కసారే

అన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక, మన ఊరు నగరికి వచ్చిన చుట్టాలు మద్రాసు బస్సెక్కాక, మన మగ్గాల షెడ్డుకు వెళ్లి కంప్యూటర్ ఆన్ చేశాను. లేవలేదు. హార్డ్‌డిస్క్ పోయిన ఆ పాత పెట్టెను నడపడానికి నువ్వు చిన్న లినక్స్ ఎక్కించి పెట్టిన పెన్‌డ్రైవ్ చచ్చిపోయింది. నువ్వు గీసిన చీర అంచులన్నీ దాంతోపాటే పోయాయి.

“రాసేకొద్దీ అరిగిపోతాదిరా ఇది. పొద్దంతా కంప్యూటర్ మెమరీలోనే పని చేసుకో, సాయంత్రం ఆపేటప్పుడు ఒక్కసారే దీంట్లోకి రాయించు” అని ఎన్నిసార్లు చెప్పావో. నువ్వు పోయాక షెడ్డు చూసుకుంటున్న బావ, ఒకరోజు కరెంటు పోయి సగం గీసిన అంచు ఎగిరిపోయేసరికి, నిమిషానికోసారి రాసుకునేటట్టు మార్చేశాడు. నువ్వు కాపీ దాచిన రెండో పెన్‌డ్రైవ్‌లో అవన్నీ చెరిపేసి, కారులో వినడానికి పాటలు ఎక్కించుకున్నాడు.

ఇవాళ అడిగితే, పళ్లు కుట్టుకుంటూ, “మీ అన్న కొన్నింది నాసిరకం లేబ్బా. కొత్తది తెచ్చినాను, దానికీ నిమిషానికోసారే పెట్టినాను” అన్నాడు. బావ మీదకన్నా నా మీద నాకే రోత పుట్టింది. మార్చిన రోజు పక్కనే ఉన్నాను; బావ కదా అని నోరు మెదపలేదు.

నువ్వు మొట్టమొదట గీసిన అంచుతో నేసిన చీర వదిన దగ్గర ఉంది. అడిగి తెచ్చుకున్నాను. ఒళ్లో పరుచుకుని, పోగులు లెక్కపెడుతూ, గడి గడీ కంప్యూటర్‌లో మళ్లీ గీస్తున్నాను. కొత్త పెన్‌డ్రైవ్‌కు బావ పెట్టిన ‘నిమిషానికోసారి’ తీసేశాను.

సాయంత్రం దాకా కరెంటు పోకుండా ఉంటే చాలు.