మూడవ పాదం లేని ప్రతి

చిరంజీవి, సౌభాగ్యవతి చిన్నమ్మాయికి నాన్న మనసారా దీవించి వ్రాయునది.

పెద్దలు మోపిన బరువును పిన్నలు మోయడం లోకంలో ఉన్నదే. ఆ బరువేమిటో తెలుసుకోవడానికి పెద్దలే ముందుగా సూదికి చేయి అప్పగించడం మన ఇంట ఇదే మొదలు. మన వంశం తన్ను తాను చదువుకోవడానికి కూర్చున్న రోజుగా ఈ దినాన్ని గుర్తుంచుకో. ఇక్కడ అందరం కుశలం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నా మీద కోపం తగ్గలేదు. నువ్వూ, అల్లుడుగారూ, మన గడుగ్గాయీ క్షేమమని తలుస్తాను.

ఈసారి రక్తం ఎక్కించేటప్పుడు మనవడు ఏడవకపోగా, "నీకు నొప్పి పుట్టిందా?" అని నర్సమ్మనే అడిగాడని రాశావు. మీ అమ్మ నవ్వింది, ఆ వెంటనే పక్కకు తిరిగి కళ్లొత్తుకుంది.

జన్యువంటే ఏమిటని అడిగావు. బిడ్డకీ జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చిందనీ అడిగావు. నాకు తెలిసిన పనిలోంచే చెబుతాను. పాత కావ్యాల రాతప్రతులను పక్కపక్కన పెట్టి పరిష్కరించడమే కదా నా బతుకు! ఒక ప్రతిలో ఒకానొక పద్యానికి మూడవ పాదం లేదు. ఏనాటి లేఖకుడి కన్నో ఒక పంక్తి దాటింది. దాన్ని చూసి రాసుకున్నవారందరికీ అదే లోపం సంక్రమించింది. వారి తప్పేమీ లేదు, చేతికందినదాన్ని శ్రద్ధగా దించుకున్నారు.

మన కణాల్లోనూ దేహాన్ని కట్టే విధానం రాసి ఉంటుంది. అందులో ఒక్కొక్క పద్యం ఒక్కొక్క జన్యువనుకో. కంటి రంగూ, ముక్కు తీరూ, రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థమూ ఆ రాతను అనుసరించేవే. ప్రతి పద్యానికీ మనలో రెండు ప్రతులుంటాయి, అమ్మ ఇచ్చినదొకటి, నాన్న ఇచ్చినదొకటి. ఈ జబ్బు విషయంలో ఒకదానిలో పాదం లోపించినా, రెండవదాన్ని చూసి దేహం పని జరుపుకుంటుంది. రెండూ లోపించినవే అయితేనే కష్టం. నీలో అలాంటి ప్రతి ఒకటి ఉంది, అల్లుడుగారిలో ఒకటి ఉంది. ఆ రెండూ బిడ్డకు అందాయి. ఏది అందాలో మీరు ఎంచలేదు, ప్రతి కాన్పుకూ చీటీలు కొత్తగానే పడతాయి. నీ రక్తమే చెడ్డదన్నవారికి ఈ మాట తలెత్తుకుని చెప్పు.

ఇక ఇక్కడి కబురు. మీ అన్నయ్య కూతురిని మా అక్క మనవడికి ఇవ్వాలనుకుంటున్నారు కదా. మాట ఖాయం చేసుకునే ముందు పిల్లలిద్దరికీ రక్తపరీక్ష జరగాలన్నాను. అక్క విరుచుకుపడింది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందట! మన పిల్లలకేం రోగంరా?"

"రోగం కాదక్కా. లోపలేమైనా దాగుందేమో చూద్దామంటున్నా."

"దాగుంటే దాగనీ! పనిగట్టుకుని తవ్వుతావా? నలుగురికీ తెలిస్తే మన పిల్లనెవరు చేసుకుంటారు?"

"సరే, మనం దాచుదాం. గడుగ్గాయి చేతిలో దిగే సూదిని ఎక్కడ దాచమంటావో చెప్పు."

అక్క వాదన మధ్యలోనే లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆమె విషయంలో అది అపూర్వం.

తల్లీ, ఇంతవరకూ ఆపుకున్న మాట ఇప్పుడు చెబుతాను. నీ జాబు అందగానే నేనూ మీ అమ్మా పరీక్ష చేయించుకున్నాం. ఆమె ప్రతులు రెండూ నిండుగా ఉన్నాయి. పాదం లోపించినది నాలోనే. నా నుంచి నీకూ, నీ నుంచి వాడికీ చేరింది. మా అమ్మానాన్నల్లో ఎవరో ఒకరి నుంచి నాకు వచ్చినట్టే అక్కకూ వచ్చి ఉండవచ్చు. అందుకని బంధువులందరి ముందూ నిలబడి, "ఈ లోపం నాలో ఉంది" అని చెప్పేశాను. "మనలో మనం అనుకుంటే చాలదూ? చాటింపు వెయ్యాలా?" అని మీ అమ్మ కోపం. వెయ్యాల్సిందేనన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

ఈ ఉదయం పిల్లలను తీసుకుని పరీక్షశాలకు వెళ్తే, అప్పటికే అక్క కుర్చీలో కూర్చుని ఉంది!

"మామ్మా, కాస్త చురుక్కుమంటుంది" అన్నాడు రక్తం తీసే అబ్బాయి.

"నలుగురిని కన్నదాన్ని, నీ సూదికి జడుస్తానా? కానియ్. వీడు నా తర్వాత పుట్టినవాడు. వీడికున్నది నాకుందో లేదో నేనూ తేల్చుకోవద్దూ?"

ఆమె తర్వాతనే పిల్లలు చేతులు చాచారు. ఫలితాలు ఇంకా రాలేదు. ఏది వచ్చినా పెళ్లి మాట వారిద్దరే తెలిసి తేల్చుకుంటారని అక్కను ఒప్పించాను. రెండవ బిడ్డను తలచుకుంటే భయమని రాశావు. కాన్పుకు ముందే తెలుసుకునే దారులున్నాయట. అల్లుడుగారితో కలిసి డాక్టరుగారి ఎదుట కూర్చో, ఒక్కదానివే కుమలకు.

మన గడుగ్గాయి నిండు నూరేళ్లు నవ్వుతూ వర్ధిల్లుగాక. రాబోయేవారు మన ముక్కులనూ మొండితనాన్నీ నిరభ్యంతరంగా పుచ్చుకుందురుగాక. తమకేం అందిందో మన నోటనే విని, తలదించుకోకుండా బతుకుదురుగాక.

ఇట్లు,
నీకు ముక్కుతో పాటు ఇదీ ఇచ్చిన
మీ నాన్న