ఒకే నంబరున్న రెండు మీటర్లు

సుందరరావు బాబాయి గారికి,

కాట్రేనికోన రొయ్యల ప్లాంటులో కరెంటు మీటరు లెక్క దాన్ని నమోదు చేసే కంట్రోలరు పెట్టెకి అందకపోతే, మీరు వైరు తెంపారని నింద వేసి పనిలోంచి తీసేశారు కదా. నిన్న రిపేరుకి నన్ను పిలిస్తే వెళ్లి చూశాను. వైరు చక్కగా ఉంది. ఇంజనీరు పాత మీటరు పక్కన అదే లైనులో పెట్టిన కొత్త మీటరుకి కూడా పాతదాని నంబరే ఇచ్చాడు. కంట్రోలరు అడిగినప్పుడల్లా రెండు మీటర్లూ ఒకేసారి జవాబిచ్చి అంతా కలగాపులగమైంది. కొత్తదాని నంబరు మార్చగానే లెక్క వచ్చింది.

మేనేజరుకి చూపించాను. "తెలిసినా పైకి అనలేమండీ. ఆ ఇంజనీరు మా బావమరిదండీ. వైరు తెగిందనే రాసేయండి" అన్నాడు, రొయ్యల వేపుడు నములుతూ.

రిపేరు రిపోర్టులో ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. నకలు ఇందులో ఉంది, లేబరు ఆఫీసులో ఇవ్వండి. విచారణకి నేనే వచ్చి చెబుతాను. ఆ మనుషుల గుమ్మం మాత్రం ఇక తొక్కను.

మీ అన్నగారబ్బాయి