వాన పడని వీడియోలు

అన్నా,

నువ్వు పోయి ఈ నెలకు ఏడాది. ఈ రోజు నా ల్యాప్‌టాప్ అప్‌డేట్ కానని మొండికేసింది. లోపల జాగా లేదట. రిపేరు చేసే బాషా ఇంటికొచ్చి చూసి, "ఏంది మేడమ్, ఇన్ని మబ్బులు? సినిమా ఏమన్నా తీస్తాండారా?" అని నవ్వాడు.

అవన్నీ నువ్వు తీసి నాకిచ్చిన వీడియోలే. మన ఊరు తనకల్లు నుంచి ఫోన్ చేసి "మోడం పట్టింది పాపా, మబ్బు నల్లగుండాది, ఈసారి వాన పడతాది" అని నువ్వు అన్నప్పుడల్లా, "పడినాక చెప్పన్నా" అనేదాన్ని. పంతం పట్టి నా పాత కెమెరా తీసుకుపోయావు. చేనుగట్టు మీద నిలబడి, మొదటి చినుకు పడేదాకా ఆపకుండా తీసేవాడివి. చినుకు పడేది కాదు, బ్యాటరీ అయిపోయేది. అందుకే అవి అంత పెద్దవి.

వాన పడింది ఒక్కదాంట్లోనే. అది నిమిషం కూడా లేదు. చినుకు పడగానే కెమెరా ఆపేసి, నాకు ఫోన్ చేయాలని ఇంటికి పరిగెత్తావు కదా.

"ఈ చిన్నది ఉంచుకోండి మేడమ్, వానైనా కనపడతాది. పెద్దవి తీసేస్తే సరిపోతాది. వాటిల్లో ఏముండాది?" అన్నాడు బాషా.

ఒకటి పెట్టి చూశాను. చాలాసేపు గాలి చప్పుడు. తర్వాత నీ గొంతు: "ఉండు పాపా, యాడికీ పోవద్దు. వస్తాండాది."

అప్‌డేట్ వద్దని చెప్పి అతన్ని పంపేశాను. తెలివైన పనో కాదో తెలియదు. ఆ వీడియోలో మబ్బు పూర్తిగా తేలిపోయేదాకా కూర్చున్నానన్నా, నీకు ఒక్క మాటా అడ్డం చెప్పకుండా.