గాలి మర

ప్రియమైన మూగనోము అన్నయ్యకి,

ఫోన్ చేస్తే "ఊఁ", "ఆఁ" తప్ప నీ నోట్లోంచి మూడో మాట రాదు. అందుకే ఉత్తరం. కాగితం మీదైతే నువ్వూ మనిషిలాగే మాట్లాడతావు.

షెడ్డులో గోనెపట్టా కింద ఆరేళ్ళుగా పడుకున్న పడవ మోటారుని బయటికి తీశాను. ఒక్కదాన్నే మోశాను, నడుము ఇంకా తిడుతోంది. నాన్న చూసి, "వాడు విప్పినప్పుడే పోయింది అది. నువ్వు ప్రాణం పోస్తావా?" అన్నాడు. నువ్వు రిపేరు చేసిన మర్నాడే అది సరస్సు మధ్యలో ఆగిపోవడం, అమ్మా నాన్నా నేనూ తెడ్లేసుకుని రావడం, రేవులో నలుగురి ముందూ నాన్న "నీ చెయ్యి పనికిరాదురా" అనడం, నువ్వు మారుమాట లేకుండా పానాల పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోవడం, ఏదీ ఎవరం మర్చిపోలేదు.

కానీ నాకు మోటారు కావాలి. నాన్న భుజం ఇక తెడ్డు వెయ్యనివ్వడం లేదు. అవతలి ఒడ్డుకి వారానికి మూడుసార్లు నర్సమ్మని తీసుకెళ్ళే పని క్లినిక్ వాళ్ళు నాకిస్తామన్నారు. ఒకటో తారీఖున ఆవిడే ఎక్కి చూస్తుంది. మధ్యలో ఆగిందా, ఆ పని ఇంకో పడవకి పోతుంది, మన పడవ కట్టెల్లోకి పోతుంది.

ఇక రోగం సంగతి. తాడు మూడో లాగుకే అందుకుంటుంది. పావుగంట చక్కగా నడుస్తుంది. తర్వాత దగ్గి, ఆవలించి, చచ్చిపోతుంది. పది నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది.

నువ్వు పానా ముట్టడం మానేశావని తెలుసు. ముట్టక్కర్లేదు, చెప్పు చాలు.

నీ పిడుగు


పిడుగుకి,

నేనిప్పుడు గోడౌన్‌లో పెట్టెలకి చీటీలు అంటిస్తున్నాను. చీటీలు మధ్యలో ఆగిపోవు. మోటార్ల సంగతి నన్నడగొద్దని రాద్దామనే కూర్చున్నాను. కానీ "దగ్గి, ఆవలించి" అన్నావు చూడు, ఆ ముక్క రెండు రోజులు నా వెంటపడింది.

పాత పెట్రోలు మొత్తం తీసెయ్యి. కొత్తదాన్లో ఆయిలు కలిపే పొయ్యి, లేకపోతే లోపల కాలిపోతుంది. ప్లగ్గు విప్పి చూడు, కొన నల్లగా తడిగా ఉంటే మార్చు. నడిచేటప్పుడు వెనక చిన్న కన్నంలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయా? సరిగా చిమ్మకపోతే కింద నీళ్ళు తోడే రబ్బరు రెక్కల చక్రం విరిగుంటుంది, అప్పుడు వేడెక్కి ఆగుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చు. నడిపి చూశాకే రెండోది. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందుకి రోగం పోయిందో తెలియదు.

నాన్న భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టు. నేను చెప్పానని చెప్పకు.

అన్నయ్య


ప్రియమైన డాక్టరు అన్నయ్యకి,

పెట్రోలు మార్చాను. ఆ వాసనకి అమ్మ రెండు గదుల అవతల ఉండి కూడా ముక్కు మూసుకుంది. ప్లగ్గు బొగ్గులా ఉంది, మార్చాను. రబ్బరు చక్రానికి రెండు రెక్కలు లేవు, కొత్తది వేశాను. నువ్వు చెప్పినట్టే ఒక్కోటి, ఒక్కో రోజు. ఇప్పుడు నీళ్ళు నాన్న కోపంలా చిమ్ముతున్నాయి.

షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ములో పెట్టి నడిపితే అరగంట ఆగలేదు! గంతులేశాను. మర్నాడు సరస్సులోకి తీసుకెళ్ళాను. సరిగ్గా పావుగంట. చచ్చింది.

తెడ్డేసుకుని వచ్చేసరికి నాన్న రేవులో నిలబడి ఉన్నాడు. తాడందుకుని పడవ కట్టేశాడు. ఒకటో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులే. నర్సమ్మకి ఫోన్ చేసి రావద్దని చెప్పెయ్యనా? నాకు ఏడుపొస్తోంది అన్నయ్యా.

నీ తడిసిన పిడుగు


పిడుగుకి,

ఫోన్ చెయ్యకు.

డ్రమ్ములో అరగంట, సరస్సులో పావుగంట. మోటారు అదే, పెట్రోలు అదే. మరి తేడా ఏమిటి? రెండు చోట్లా నువ్వేం చేశావో మొదటినుంచీ గుర్తు చేసుకుని రాయి. పిచ్చిగా ఉన్నా రాయి.

ఈసారి ఆగగానే తాడు లాగకు. ట్యాంకు గొట్టం మధ్యలో రబ్బరు బుడ్డి ఉంది కదా, దాన్ని పట్టుకుని చూడు. చదునుగా నొక్కుకుపోయి ఉంటే, ట్యాంకు మూత కొంచెం వదులు చేసి చెవి పెట్టి విను.

అన్నయ్య


ప్రియాతిప్రియమైన అన్నయ్యకి,

రెల్లు పొదల దగ్గర ఆగింది. బుడ్డి పట్టుకుంటే తొక్కేసిన చెప్పులా చదునైపోయి ఉంది. మూత వదులు చేశాను. "స్స్‌స్" అని ఎంత గాలి పీల్చుకుందో! బుడ్డి ఉబ్బింది. ఒక్క లాగు. అవతలి ఒడ్డుకి వెళ్ళాను, తిరిగొచ్చాను, మళ్ళీ వెళ్ళాను. గంటకి పైనే. ఒక్కసారి కూడా దగ్గలేదు.

తేడా చెబుతాను. డ్రమ్ములో నడిపినప్పుడు పెట్రోలు పోస్తూ గరాటా అలాగే ఉంచాను, మూత పెట్టలేదు. పడవలోనేమో మూతా, దాని మీది చిన్న మరా రెండూ బిగించాను. మనింట్లో ఏ మూతైనా వదులుగా ఉంటే అమ్మ ఊరుకుంటుందా? సబ్బుపెట్టె కూడా ఇద్దరు పట్టుకుని తీయాలి! లోపలికి గాలి పోకపోతే పెట్రోలు బయటికి రాదని నాకేం తెలుసు. నిండు ట్యాంకు పక్కన పెట్టుకుని మోటారు దాహంతో చచ్చిందన్నమాట.

ఇదంతా నవ్వుకుంటూ అవతలి ఒడ్డున కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట, ఆ రోజు, పడవ కదలబోతుంటే అమ్మ ముక్కుకి కొంగు అడ్డుపెట్టుకుని, "ఏదో మూత వదులుగా ఉన్నట్టుంది, చూడవే" అంది. చూశాను. ఆ మర బిగించింది నేనే అన్నయ్యా. పటకారుతో బిగించాను.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పేశాను. ఆయన షెడ్డులోకి వెళ్ళి నీ పానాల పెట్టె ముందు కూర్చుని మూత తీశాడు. ఆరేళ్ళయినా ఒక్క పానాకీ తుప్పు లేదు. వాటికి నూనె ఎవరు రాస్తున్నారని నేను అడగలేదు. తలవంచుకునే, "వాణ్ణి రమ్మని రాయి" అన్నాడు.

నన్ను తిట్టడానికైనా రా.

నీ దోషి


నా పిడుగుకి,

దోషి గీషి అంటే చెవి మెలేస్తాను. మర బిగించింది నువ్వే, కాదనను. కానీ రిపేరప్పుడు ఆ కొత్త ట్యాంకు తెచ్చింది ఎవరు, నేను కాదూ? పాత ట్యాంకు మూతకి ఎప్పుడూ తెరిచి ఉండే కన్నం ఉండేది, ఎవరూ ముట్టుకునే పని లేదు. కొత్తదానికి గాలి మర ఉంది. మోసేటప్పుడు మూయాలి, నడిపేటప్పుడు తెరవాలి. అది నాకు తెలుసు. నాన్నకి చెప్పానా? నీకు చెప్పానా? ట్యాంకు తగిలించి, తుడిచి, చేతులు కడుక్కుని అన్నం తిని పడుకున్నాను.

ఆరేళ్ళుగా ఒక్కో చీటీ అంటిస్తూ ఈ చేతులు ఎక్కడ తప్పు చేశాయా అని చూసుకుంటూనే ఉన్నాను. అవి ఎక్కడా తప్పు చెయ్యలేదు. చెప్పాల్సిన నోరే చెప్పలేదు. నాన్న అరిచినప్పుడు "ఒక్కసారి చూడనివ్వు నాన్నా" అని ఉంటే అక్కడే తేలిపోయేది. అదీ అనలేదు. పౌరుషం అనుకున్నాను, ఒట్టి మొండితనం. కాబట్టి నీది సగం, నాది సగం. అమ్మ ముక్కుకి కూడా కొంచెం వాటా ఇద్దాం.

గోడౌన్‌లో సెలవడిగాను. వారం అన్నారు. పదిహేను రోజులైనా రాకపోతే ఇంకొకర్ని చూసుకోండి అని చెప్పాను. ఎల్లుండి మధ్యాహ్నానికి వస్తున్నాను. ఒకటో తారీఖున నర్సమ్మతో పాటు నేనూ పడవ ఎక్కుతాను. ఆ మర ఎందుకుందో ఆవిడక్కూడా చెబుతాను, ఆవిడ అడక్కపోయినా సరే.

పానాలకి నూనె సంగతి రెండుమూడు సార్లు చదివాను. నాన్నకి నువ్వేమీ చెప్పకు. వచ్చి నేనే నోటితో చెబుతాను. కాస్త ఎక్కువసేపే మాట్లాడతానేమో, ఓపికగా కూర్చోమను.

నోము విడిచిన
మీ అన్నయ్య