బొండుమల్లెకు నీళ్లు

కూతురింట్లో తీరిక లేకుండా ఉన్న నా ఇల్లాలికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, అమ్మాయి, అల్లుడు, ఇంకా నెల నిండని మనవరాలు క్షేమమని తలుస్తాను.

బస్సెక్కుతూ నువ్వన్న మాట మరిచిపోలేదు. "నా బొండుమల్లెను కనిపెట్టుకుని ఉండండి, అది పూతకు రాగానే వచ్చేస్తా" అన్నావు. అందుకే నీతో రాకుండా ఆగిపోయాను. పంపుహౌసులో చేరి రిటైరయ్యేదాకా ఊరందరికీ నీళ్లు తోడిపోసినవాణ్ణి, ఒక్క మొక్కకు పోయలేనా? పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు. ఎరువు కూడా వేశాను. ఆకు అరచేయంత అయింది. కొమ్మలు కిటికీలోంచి గదిలోకి వస్తున్నాయి. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు.

ఎదురింటి టైలరు చూసి, "ఏం బాబాయ్, మల్లె పెంచుతున్నారా, వరి నాటారా?" అన్నాడు. వాడికేం తెలుసు!

ఎప్పుడొస్తావో రాయి.

ఇట్లు,
నీ మొక్కకు కాపలా ఉన్న మనిషి

తా.క. వంట బాగానే చేసుకుంటున్నాను. రోజూ గిన్నె దగ్గర కూర్చునే పిల్లి ఈ మధ్య రావడం లేదు. దానికి ఒంట్లో బాగాలేదేమో.

*

శ్రీవారికి నమస్కారం.

ఆకు అరచేయంత అయిందని చదివి భయం వేసింది. ఒళ్లు చేసిన మల్లె పూయదండీ. పూత వచ్చేది కొత్త చిగుళ్ల మీద. వెంటనే కత్తెర తీసుకుని కొమ్మలన్నీ మోకాలి ఎత్తుకు కత్తిరించండి. మిగిలిన ఆకు దూసేయండి. ఆ తర్వాత మూడు వారాలు దాని మొహం చూడకండి, చుక్క నీరు పోయకండి. బాగా దప్పికపడ్డాక నీళ్లు తగిలితే అప్పుడు చిగురు వేస్తుంది, చిగురు చివర మొగ్గ వేస్తుంది.

మనవరాలు పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. అచ్చం మీ నైట్ డ్యూటీయే.

ఇట్లు,
మీ శ్రీమతి

తా.క. పిల్లికి ఒంట్లో బాగానే ఉండి ఉంటుంది. అది తెలివైనది.

*

అమ్మాయి వాళ్ల అమ్మగారికి,

నీ ఉత్తరం టైలరుకు చదివి వినిపించాను. "ఇప్పుడు నరికితే పువ్వు చూసేసరికి రెండు నెలలు పడుతుంది బాబాయ్" అన్నాడు. అంటే, పూతకు రాగానే వస్తానని చెప్పిన మనిషివి, పూత వెనక్కి జరిగే ఉపాయం నాకే రాసి పంపావు. అక్కడే ఉండిపోవాలని ఉంటే ఉండు. నాతో ఆ ముక్క చెప్పొచ్చు కదా, మధ్యలో నోరు లేని మొక్కను నరకమనడం దేనికి?

నేను నరకను. ఇవాళ్టి నుంచి పూటకు మూడు బిందెలు పోస్తున్నాను.

ఇట్లు,
ఇంటి యజమాని

తా.క. అయినా ఆ గొడవంతా అక్కర్లేదు. ఈ ఉదయమే పూసింది. అప్పుడే విచ్చుకున్న పువ్వు కోసి కవర్లో పెట్టాను. అన్న మాట ప్రకారం బయల్దేరు.

*

శ్రీవారికి నమస్కారం.

పువ్వు అందింది. అమ్మాయీ నేనూ లైటు కింద పెట్టి చూశాం. బొండుమల్లె మొగ్గ గుండ్రంగా ఉంటుంది. విచ్చితే రేకు మీద రేకు, పొర మీద పొర. మీరు పంపినదానికి ఉన్నది ఒకటే వరస, కోలగా సన్నటి రేకులు. అది సన్నజాజి. బస్టాండు దగ్గర పూలమ్మే ఆవిడ దగ్గర కొన్నారు. పైగా మన మల్లె విచ్చుకునేది పొద్దుగూకాక. ఉదయం విచ్చుకుందట! ఇన్నేళ్లు మీ దిండు పక్కన పూలు పెట్టాను. కళ్లు మూసుకుని వాసన పీల్చడమే గాని ఒక్క రోజైనా వాటిని చూశారా?

అల్లుడు నవ్వాపుకోలేక బాల్కనీలోకి పోయాడు. నాకు నవ్వు రాలేదు. ఉండిపోవడం నాకు సరదా అనుకున్నారా? అమ్మాయి ఇంకా లేచి తిరగలేకపోతోంది. దాన్ని ఇలా వదిలి రాలేను. మళ్లీ రాస్తున్నాను: కొమ్మలు కత్తిరించండి, నీళ్లు ఆపండి. ఈ రెండో మాట కాస్త నిదానంగా చదవండి.

ఇట్లు,
ఇంకా మీ శ్రీమతినే

తా.క. పువ్వు పారేయలేదు. నా దిండు పక్కన పెట్టుకున్నాను.

*

నా ఇల్లాలికి,

పువ్వు కొన్నమాట నిజమే. నువ్వు రావాలని కొన్నాను.

మొన్న కత్తిరించాను. టైలరు తన పెద్ద కత్తెర ఇచ్చి, "ఇంకా కిందికి బాబాయ్, ఇంకా కిందికి" అంటూ పక్కనే నిలబడ్డాడు. ఆకు దూసేశాను. మోళ్లు మిగిలాయి. సాయంత్రం అలవాటుకొద్దీ బిందె నింపుకొచ్చాను. పోయడానికి వీల్లేదు. బిందె పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాక తెలిసింది, మూడు వారాల దాకా ఆ ఇంట్లో నాతో ఎవరికీ పని లేదని. మొక్కకైతే నేను లేకపోవడమే కావాలి.

ఈ కవరుకు స్టాంపు లేదు, చూడు. మీ మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. ఈ వేళప్పుడు పాప నిద్రలో ఉంటుందని బెల్లు కొట్టలేదు. తలుపు కింద నుంచి తోస్తున్నాను.

ఇట్లు,
తలుపు బయట ఉన్నవాడు

తా.క. కత్తిరించిన కొమ్మలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. బాల్కనీలో తొట్టి ఉంటే నాటుదాం. నీళ్లు మాత్రం నేను పోయను, నీ ఒట్టు.

*

శ్రీవారికి,

తలుపు గడియ తీశాను. చెప్పుల చప్పుడు కాకుండా రండి.

నీళ్లు ఆపమని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆపాక అక్కడ మీకేం పని ఉంటుందనుకున్నారు? మన ఉత్తరాలు ఇక్కడ అందరూ చదువుతుంటే, ఇంతకంటే ఎలా రమ్మని రాయను?

ఇట్లు,
తలుపు లోపల ఉన్నది

తా.క. నాటిన కొమ్మలకు వేరు పట్టేదాకా తడి ఆరకూడదు. రోజూ నీళ్లు పోయాలి. ఎవరో ఒకరు ఇక్కడే ఉండి పోయాలి.