హరీసా సీసా మీది వేలు

స్ఫాక్స్, మంగళవారం

చిరంజీవి షాద్లీకి అమ్మ హల్లూమా వేయి దీవెనలతో చెప్పి రాయించేది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. జైల్లో నువ్వూ కులాసాగా ఉన్నావనే నమ్మకంతో రోజులు నెట్టుకొస్తున్నాను. కోర్టు ముందు అర్జీలు రాసే హబీబ్‌ను మన గుమ్మంలోకే రప్పించాను. నేను అన్నది అన్నట్టు రాయమని ఒట్టు వేయించుకున్నాను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. తిట్టుకుంటూ నడుస్తోంది. నేను పంపిన ఉన్ని చొక్కా అందిందో లేదో నువ్వే రాయలేదు. ఆ చెమ్మగోడల మధ్య నీ దగ్గు ఎలా ఉంది?

"పదివేలలో ఒకటంటే ఏమిటమ్మా, నేనే దొంగననా? అత్త ఇంట్లో నేను అడుగే పెట్టలేదే!" అని రాశావు. ఆ మాట నన్ను నమిలేస్తోంది. సల్హా అత్త వెండి కడియాలు పోయిన పెట్టె పక్కన గాజు సీసా దొరికింది, దాని మీద సగం చెరిగిన వేలిముద్ర. వేలు ఇంకొకరిదైతే నీ ముద్రతో ఇంతగా కలవడం పదివేల మందిలో ఒకరికే జరుగుతుందని రాజధాని నుంచి వచ్చిన నిపుణురాలు చెప్పింది. ప్రభుత్వ వకీలు వెంటనే అందుకున్నాడు. "అంటే పదివేలలో ఒక్క వంతు అనుమానం తప్ప ఇతనే దొంగ!"

నేను లేచి అరిచాను. "ఊళ్లో మూడు లక్షల మంది ఉన్నారు నాయనా! నీ లెక్కనే ముప్పై వేళ్లుండాలి. తక్కినవి వెతికావా?"

జడ్జి కూర్చోమన్నాడు. నిపుణురాలు మాత్రం తలూపింది.

బయట వసారాలో ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, దొంగ ఎవరో నేను చెప్పలేదు" అంది. "వేలు మీవాడిదైతే ఈ ముద్ర ఎంత సహజం, వేరేవాళ్లదైతే ఎంత అరుదు, అంతే తూస్తాను. అది సీసా మీదికి ఎలా వచ్చిందన్నది వేరే ప్రశ్న. మీ ఇంటి ఉప్పురాయి కూడా ఆ గడప దాటలేదని మీరే వాంగ్మూలం ఇచ్చారు. మరి ఆ వేలు అక్కడికి రావడానికి ఇంకో దారేది?"

హబీబ్, కలం ఆపకు. రాయి.

బిడ్డా, ఆ వేలు నీదే. సీసా మనది. ముప్పై వేళ్లని అరిచిన నాకు అది ఎవరి వేలో మొదటినుంచీ తెలుసు. మీ నాన్న చావుకు రాలేదని సల్హాతో ఉప్పు కూడా పంచుకోనని వీధంతా వినేలా ఒట్టేశాను. మూడేళ్ల కిందట దాని చూపు మందగించిందని విన్నాక మనసు ఆగలేదు. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ దొడ్డిగుమ్మంలో హరీసా కారం పెట్టి వచ్చేదాన్ని. సీసా నిండా ఎండు అంజూరాలు తిరిగొచ్చేవి. మూత బిగించమని నీకిచ్చిన సీసా ఎవరికో నీకు చెప్పలేదు. పోలీసులు అడిగిననాడు గుమ్మం నిండా ఇరుగుపొరుగు. నా నోరు ఒట్టును కాపాడుకుంది గాని కొడుకును కాదు. నాలుగు నెలలు అలాగే మూసుకునుంది.

నిన్న కొత్త వాంగ్మూలం మీద బొటనవేలు ఒత్తాను. అబద్ధానికి ఏ శిక్ష వేస్తారో వేయనీ. "కొడుకు కోసం తల్లి ఏమైనా చెబుతుంది" అని వకీలు నవ్వాడు. సల్హా కూడా చెప్పాలి. దానికీ నా అంత పొగరే, మన ఇంటినుంచి ఏదీ రాలేదని అదీ చెప్పింది.

ఈ పొద్దున పచ్చ గిన్నె నిండా కుస్‌కుస్ వండి పెట్టుకుని, అందరూ చూస్తుండగా వీధిగుమ్మానికే వెళ్లాను.

"ఇటొచ్చావేంటి వదినా? దొడ్డిదారి మరిచిపోయావా?"

"చూపు పోయింది నీకు, నాకు కాదు. గిన్నె తీసుకో. గురువారం వాయిదా. నిజం చెప్పవే సల్హా."

తీసుకుంది. తలుపేసుకుంది.

మన వీధిలో గిన్నె ఖాళీగా తిరిగి రాదని నీకు తెలుసు. ఇప్పుడు సాయంత్రం నమాజు పిలుపు వినబడుతోంది. గిన్నె ఇంకా రాలేదు. చెప్పుల చప్పుడైతే చాలు, తలెత్తుతున్నాను.

క్షమించమని కాగితం మీద అడగను. ఎదురుగా అడుగుతాను.

ఇట్లు,
ఆ మూత నీచేత బిగింపించిన అమ్మ
హల్లూమా

కింద ఉన్నది నా వేలే. ఎవరినీ తూకం వేయమనకు.